దుప్పటి మూలన కుట్టు

ఆ ఆసుపత్రి లాండ్రీలో పెద్దావిడ, చిన్నావిడ అని ఇద్దరుండేవాళ్ళు. చిన్నావిడకి నలభై ఆరేళ్ళు, మనవలున్నారు, మోకాళ్ళ నొప్పులున్నాయి, అయినా చిన్నావిడే. పెద్దావిడ పక్కనుండగా ఆ షెడ్డులో ఇంకొకళ్ళు పెద్ద కావడానికి వీల్లేదు మరి. పెద్దావిడకి యాభై ఏడు. చిన్నావిడకి స్వయానా అన్న భార్య, వదిన. అమ్మానాన్నా ఒకరి వెనక ఒకరు పోతే తొమ్మిదేళ్ళ పిల్లని తెచ్చుకుని పెంచింది ఆవిడే. తల దువ్వింది, పెళ్ళి చేసింది, మొగుడు పోయి చంకలో పిల్లాడితో తిరిగొస్తే, ఏడ్చింది చాల్లే పద అని చెయ్యి పట్టుకుని తెచ్చి ఈ లాండ్రీలో పనికి పెట్టించింది. కడుపున పుట్టకపోయినా ఆవిడకున్న పిల్ల ఒక్కతే, చిన్నావిడ.

లాండ్రీ అంటే మరేదో ఊహించుకోకండి. ఆసుపత్రి వెనక వైపు, బాయిలరు గదికి ఆనుకుని పొడుగాటి రేకుల షెడ్డు. ఒక కొసన మాసిన బట్టల మూటలు దిగుతాయి. మధ్యలో ఆరు పెద్ద డ్రమ్ములు రోజంతా దడదడలాడుతుంటాయి, వాటి పక్కన ఇస్త్రీ చేసే వేడి రోలరు. రెండో కొసన పొడుగు బల్ల, బల్ల వెనక గోడంతా అరలు, వార్డుకో అర. ఆ బల్ల దగ్గరే వీళ్ళిద్దరి పని. ఉతికి ఆరిన దుప్పట్లు, గలీబులు, తువ్వాళ్ళు వచ్చి పడుతుంటే, ఏది ఏ వార్డుదో చూసి, మడత పెట్టి, దాని అరలో దాన్ని సర్దాలి. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. అన్నీ తెల్లగానే ఉంటాయి, అన్నీ ఒకే కొలత. అంటురోగాల వార్డు దుప్పటి పొరపాటున పసిపిల్లల వార్డుకి వెళ్ళకూడదు. రెండుసార్లు ఉడకబెట్టినా సరే, ఆ వార్డుది ఆ వార్డుకే. అది ఆసుపత్రి పెట్టిన మొదటి నియమం.

ఇరవై ఏళ్ళ కిందట దీనికి ఉపాయం కనిపెట్టింది పెద్దావిడ. అప్పట్లో ఆ షెడ్డులో అక్షరం ముక్క వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. గుడ్డ చీటీలు పిన్నులతో గుచ్చేవాళ్ళు, అవి డ్రమ్ములో ఊడిపోయేవి. పెద్దావిడ లావాటి దారం తెప్పించి, ప్రతి దుప్పటికీ ఒక మూలన గుర్తు కుట్టించింది. పసిపిల్లల వార్డుకి ఒక ముడి, ఆపరేషన్ గదికి రెండు ముళ్ళు, కాలిన గాయాల వార్డుకి ఒక గీత, అంటురోగాల వార్డుకి అడ్డమూ నిలువూ రెండు గీతలు. ఇలా పదకొండు వార్డులకి పదకొండు. ఆలోచన ఆవిడది, సూది చిన్నావిడది. డ్రమ్ములో వెయ్యిసార్లు తిరిగినా ఆ కుట్టు ఊడేది కాదు. ఇరవై ఏళ్ళలో ఒక్క దుప్పటి దారి తప్పలేదంటే, చదువుకున్నవాళ్ళున్న ఎన్ని ఆఫీసులు ఆ మాట చెప్పుకోగలవో మీరే చెప్పండి.

ఇప్పుడొక సంగతి చెప్పేస్తాను, దాచిపెట్టి చివర్లో బయటపెట్టడం నాకు చేతకాదు. పెద్దావిడకి కళ్ళు పోతున్నాయి. నాలుగేళ్ళుగా పోతున్నాయి. మొదట మసక, తర్వాత ఒక కన్ను పూర్తిగా, ఇప్పుడు రెండో కంట్లో కూడా మనుషులు మనుషుల్లా కాక నీడల్లా కదులుతున్నారు. ఈ సంగతి ఆవిడకి తప్ప ప్రపంచంలో ఎవ్వరికీ తెలియదు. తెలిస్తే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే గది పోతుంది. మొగుడు పోయాక ఆవిడకి ఉన్నదల్లా ఆసుపత్రి ఇచ్చిన ఆ ఒంటి గదే, లాండ్రీ వెనక, బాయిలరు గోడకి ఆనుకుని. ఎన్ని అడుగులేస్తే పొయ్యి వస్తుందో, ఎన్ని అడుగులేస్తే కుళాయి వస్తుందో ఆవిడకి తెలిసిన చోటు లోకంలో అదొక్కటే. ఇంకో మూడేళ్ళు నెగ్గుకొస్తే పద్ధతి ప్రకారం రిటైరవుతుంది, ఆ గది బతికినంత కాలం ఉంచుతారు. ఆ మూడేళ్ళ కోసమే ఆవిడ తాపత్రయమంతా.

పక్కనే నిలబడి పనిచేసే మనిషికి కళ్ళు పోతుంటే చిన్నావిడకి తెలియలేదా అని మీరు అడుగుతారు. అడగండి. చిన్నావిడ కూడా తనని తాను అదే అడుగుతుంది, రోజూ. కానీ పెద్దావిడ ఎంత గడుసుదో మీకు తెలియదు. ఏడాదికోసారి ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళందరికీ కళ్ళు పరీక్ష చేస్తారు. చదువు రానివాళ్ళకి గోడ మీద మూడు కాళ్ళ బొమ్మలుంటాయి, కాళ్ళు ఎటు తిరిగి ఉన్నాయో చెప్పాలి. పెద్దావిడ వరసలో కావాలని చివర నిలబడేది. ముందున్న పదిమంది 'పైకి, కుడికి, కిందికి, కిందికి, ఎడమకి' అని చెబుతుంటే చెవులారా విని, తన వంతు రాగానే పాటలా అప్పజెప్పేసేది. డాక్టరు మెచ్చుకుని పంపేవాడు. ఇక బల్ల దగ్గరంటారా, ఆవిడకి కళ్ళతో పనే లేదు. దుప్పటి అందుకోవడం, మూల వెతికి బొటనవేలితో ఒక్కసారి రాయడం, అరలో పెట్టడం. చూసేవాళ్ళకి చెయ్యి తిరిగిన పనితనంలా ఉండేది.

అలాంటి రోజుల్లో వచ్చింది చదువు.

ఆసుపత్రి పెద్దలు ఒక కాగితం పంపారు. పనివాళ్ళలో చదువు రానివాళ్ళందరికీ రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా పాఠాలు, పని వేళల్లోనే, మడతల బల్ల దగ్గరే. పాఠం చెప్పడానికొచ్చిన టీచరమ్మ ముప్పై ఏళ్ళ మనిషి, గట్టి గొంతు, మంచి మనసు. మొదటిరోజే పుస్తకం మూసి పక్కన పెట్టి, "మీ పనిలోంచే అక్షరాలు నేర్చుకుందాం. రోజూ ముట్టుకునేవాటి పేర్లు చెప్పండి," అంది. సబ్బు అన్నారొకరు. దుప్పటి అన్నారొకరు. నడుం నొప్పి అంది పెద్దావిడ. అందరూ పడీపడీ నవ్వారు. టీచరమ్మ దాన్ని కూడా బోర్డు మీద రాసింది.

చిన్నావిడ నవ్వలేదు. బోర్డు వంకే చూస్తూ కూర్చుంది. ఆవిడకి చదువంటే ఎంత ఆకలో ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు మూడు నెలలు బడికెళ్ళింది, అంతే. ఆ తర్వాత బతుకంతా ఇంకొకళ్ళ నోటి మీదే. బస్సు ఏ ఊరిదో అడగాలి. మందు సీసా మీద ఏముందో అడగాలి. కొడుకు పనిచేసే చోటు నుంచి ఫోనులో ఏదో రాసి పంపితే పక్కింటావిడ దగ్గరికి పట్టుకెళ్ళాలి, ఆవిడ చదివి, ఇంట్లో ఏదో గొడవలా ఉందే అని ఆరా తీస్తుంది. ఇంటి గుట్టంతా వీధిలో పెట్టుకుని బతికినట్టుండేది. మొదటిరోజు పాఠం అయ్యాక చిన్నావిడ వదినతో, "నేను నేర్చుకుంటానంటావా, ఈ వయసులో?" అంది.

"నీకేం తక్కువే? బుర్రుంది. నేర్చుకో," అంది పెద్దావిడ.

"మరి నువ్వు?"

"నేనూ నీ పక్కన కూర్చుంటాగా."

కూర్చుంది. రోజూ కూర్చుంది. పలక మీద టీచరమ్మ చెయ్యి పట్టి రాయిస్తే రాసింది. పాఠం చదవమంటే, ముందు నలుగురు చదివింది విని, పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకుని గడగడా వల్లించేసేది. ఒకరోజు చిన్నావిడ పక్కనుంచి తొంగి చూస్తే పుస్తకంలో వేరే పేజీ తెరిచి ఉంది. 'దొంగ, చదవకుండా మోసం చేస్తోంది' అనుకుని లోలోపల నవ్వుకుంది. పోనీలే పెద్దది, బద్ధకం అనుకుంది. అంతకుమించి ఆలోచన సాగలేదు.

సాగదు కూడా. అప్పటికి చిన్నావిడ కాళ్ళు నేల మీద లేవు. ఆరో నెలకల్లా అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చేసింది. ఇక చూడాలి ఆవిడ సంబరం. వీధిలో నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగిపోయేది. దుకాణాల బోర్డులు, గోడల మీద ప్రకటనలు, తలుపుల మీద 'నెట్టండి', 'లాగండి'. ఒకసారి బస్సులో డ్రైవరు వెనక రాసిందంతా చదవాలని రెండు స్టాపులు దాటిపోయి, ఎండలో వెనక్కి నడుచుకుంటూ వచ్చింది, అదీ నవ్వుకుంటూ. మందు సీసా మీద చూస్తే ఆవిడ పదేళ్ళుగా తిండికి ముందు వేసుకుంటున్న మాత్ర తిన్న తర్వాత వేసుకోవాలట. కొడుకు పంపిన కబురు తనే చదివి, పక్కింటావిడ గుమ్మం ముందు నుంచి తలెత్తుకుని నడిచి వెళ్ళిపోయింది. ఆ ఆనందాన్ని తప్పుపట్టేవాళ్ళు మనుషులు కారు.

తప్పు జరిగింది ఆ తర్వాత.

ఒక సాయంత్రం టీచరమ్మ అరల వంక చూసి, "వీటి మీద వార్డుల పేర్లు రాసి పెట్టుకోకూడదూ? రోజూ చూస్తుంటే చదువు మర్చిపోరు," అంది. చిన్నావిడకి అక్కడితో ఆగాలనిపించలేదు. అరల మీద ఒకటే ఎందుకు, దుప్పట్ల మీద కూడా రాసేద్దాం అంది. చెరగని సిరా ఉంటుంది కదా. ముళ్ళు, గీతలు ఎందుకింకా, చదువు రానివాళ్ళలా? లాండ్రీ ఇన్‌ఛార్జి ఆ మాట చెవిన పడగానే ఎగిరి గంతేశాడు. పై ఊరి నుంచి పరిశీలన కమిటీ రాబోతోంది. పనివాళ్ళు చదువు నేర్చుకుని, ఆ చదువుతో సొంతంగా పద్ధతి మార్చుకున్నారంటే ఇంతకన్నా ఏం కావాలి? వారంలో సిరా సీసాలు, అక్షరాలు కోసిన అచ్చు రేకులు వచ్చేశాయి.

ఆ రోజు పని అయ్యాక పెద్దావిడ చిన్నావిడని బయట కుళాయి దగ్గర ఆపింది.

"రాసుకుంటే రాసుకోండి గానీ, కుట్లు కూడా ఉండనివ్వవే. ఉంటే ఏం పోయింది?"

"రెండూ ఎందుకు వదినా? ఇన్‌ఛార్జి సార్ కుట్లు విప్పేయమన్నాడు. మూలలు చిరుగుతున్నాయట."

"ఇరవై ఏళ్ళుగా చిరగనివి ఇప్పుడు చిరిగాయా?"

"నువ్వు నేర్చుకోలేకపోయావని అందరం అక్కడే ఆగాలా?" అంది చిన్నావిడ. అంత మాట అనాలని అనుకోలేదు. కానీ లోపల ఎప్పటి నుంచో ఉన్నట్టుంది, వచ్చేసింది. ఆగలేదు కూడా. "నీ ఉపాయం పోతోందని నీకు కష్టంగా ఉంది. అంతేగా? నేను నాలుగు అక్షరాలు నేర్చుకుంటే నీకే కంటగింపు అయిపోయిందా?"

పెద్దావిడ కుళాయి కట్టేసింది. తడిచేతులు ఏప్రన్‌కి తుడుచుకుని, "సరే, నీ ఇష్టమే," అని గదిలోకి వెళ్ళిపోయింది. అంతే జరిగింది. ఆ నిమిషంలో ఒక్క మాట, 'నాకు కనబడటం లేదే' అన్న ఒక్క మాట అని ఉంటే, ఈ కథ నేను చెప్పాల్సిన పనే ఉండేది కాదు. ఆవిడ అనలేదు. ఎందుకు అనలేదో చివర్లో తెలిసింది, తెలిసి చిన్నావిడ తల గోడకేసి కొట్టుకుంది.

కుట్లు విప్పడానికి నాలుగు రోజులు పట్టింది. చిన్నావిడే కూర్చుని కత్తెర మొనతో ఒక్కొక్కటీ తెంపింది. తనే కుట్టినవి. దారాలు గుట్టగా పడితే ఊడ్చి చెత్తబుట్టలో పోసింది. తర్వాత ప్రతి దుప్పటి మూలనా నల్లటి అక్షరాలు పడ్డాయి, పసిపిల్లలు, ఆపరేషన్, అంటురోగాలు. కమిటీ వచ్చి చూసి ఫోటోలు తీసుకుంది. ఒక ఫోటోలో చిన్నావిడ దుప్పటి మూల పట్టుకుని నిలబడి ఉంది, పక్కన పెద్దావిడ ఎటో చూస్తూ ఉంది.

సిరా బట్టలోకి ఇంకిపోతుంది. వేలికి ఏమీ తగలదు. మరి పెద్దావిడ పని ఎలా చేసిందంటారా? చిన్నావిడ గొంతుతో చేసింది.

కొత్త మోజు కదా, చిన్నావిడ ప్రతి దుప్పటి మీదా ఉన్నది పైకి చదివేది. "ఆపరేషన్. ఆపరేషన్. కాలిన గాయాలు." పక్కనున్నవాళ్ళకి చెవులు హోరెత్తిపోయేవి. పెద్దావిడ మాత్రం, "గట్టిగా చదవ్వే. ఇటు నా ముందున్నవి కూడా చదువు. చదివితేనే అలవాటవుతుంది," అనేది. వదిన కోపం పోయింది, తన చదువు చూసి ముచ్చటపడుతోంది అనుకుంది చిన్నావిడ. ఇంకా ఉత్సాహంగా, ఇద్దరి ముందున్న గుట్టలూ తనే తిరగేస్తూ చదివేది. ఆ గొంతు పట్టుకుని పెద్దావిడ చేతులు నడిచేవి. అలా మూడు నెలలు ఒక్క తప్పు లేకుండా గడిచిపోయాయి.

అప్పుడు పరీక్ష వచ్చింది. ఏడాది పాఠాలు పూర్తి చేసినవాళ్ళకి ఒక రోజు పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇస్తారు. పొద్దున్న తొమ్మిదికి వెళ్తే సాయంత్రం దాకా.

"నువ్వూ రావా వదినా? వచ్చినంత రాద్దువు."

"ఇక్కడ బల్ల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదే. నువ్వెళ్ళు. తొందరపడకుండా రాయి," అంది పెద్దావిడ. ముందు రోజే పెన్ను కూడా కొని ఉంచింది, పాళీ కాగితం మీద గీసి చూసి, సాఫీగా నడుస్తోందో లేదో వేలితో కనుక్కుని.

ఆ రోజు ఆవిడ ఆ బల్ల దగ్గర ఒంటరిగా నిలబడింది. ముందు గుట్టలు గుట్టలుగా తెల్ల దుప్పట్లు. ఒకటి రెండుసార్లు రోలరు దగ్గరున్నవాళ్ళని పిలిచి, ఇదేమిటో చూడండి, నా కళ్ళద్దాలు మర్చిపోయా అందట. ఆవిడకి కళ్ళద్దాలే లేవు. వాళ్ళు తమ పని వదిలి ఎన్నిసార్లు వస్తారు? తర్వాత వాసన పట్టి చూసింది. అంటురోగాల వార్డు బట్టలకి మందు వాసన కొంచెం ఎక్కువగా ఉండేది. కానీ ఆ వారం కొత్త సబ్బు వచ్చింది, అన్నిటికీ ఒకటే వాసన. ట్రాలీవాళ్ళు వచ్చి, త్వరగా కానివ్వమ్మా అని తొందరపెట్టారు. ఇక అదృష్టం మీద భారం వేసి సర్దేసింది.

పిల్లలకి ఏమీ కాలేదు. అది ముందే చెబుతున్నాను, మీ గుండెలు కుదుటపడనివ్వండి. పసిపిల్లల వార్డులో నర్సు ఒక పాపని ఎత్తుకుంటూ కింద దుప్పటి మూల చూసింది. 'అంటురోగాలు' అని నల్లగా రాసి ఉంది. వార్డు వార్డంతా గోలెత్తిపోయింది. ఏడు ఉయ్యాలల్లో అవే దుప్పట్లు.

చిన్నావిడ పరీక్ష బాగా రాసి, ఆ సంగతి వదినకి చెప్పాలని గబగబా వచ్చేసరికి లాండ్రీలో డ్రమ్ములు ఆగిపోయి ఉన్నాయి. పెద్దావిడని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారని చెప్పారు. ఈసారి డాక్టరు వరసలో నిలబెట్టలేదు. గోడ మీది బొమ్మల జోలికీ పోలేదు. తన చెయ్యి ఎత్తి, ఎన్ని వేళ్ళో చెప్పమన్నాడు. ఆవిడ, "తెలియదు బాబూ," అంది.

ఇన్‌ఛార్జి చిన్నావిడ మీద మండిపడ్డాడు. "మీకు తెలియకుండా ఉంటుందా? పక్కనే ఉంటారు. ఇద్దరూ కలిసి నాటకం ఆడారా?"

తెలియదని చెబితే ఎవరూ నమ్మలేదు. నమ్మకపోవడమే నయం, నిజంగా తెలియదని తేలడం అంతకన్నా సిగ్గు. చిన్నావిడ ఆయన కాళ్ళావేళ్ళా పడింది. తప్పు వదినది కాదు, కుట్లు విప్పింది తను. మళ్ళీ కుట్టేస్తాను, పని అయ్యాక కూర్చుని కుడతాను, పదకొండు వార్డులవీ కుట్టేస్తాను, మూడేళ్ళు ఆగండి సార్, ఇరవై ఏళ్ళలో ఒక్క దుప్పటి తప్పలేదు కదా అంది. ఆయన చెడ్డవాడేమీ కాదు. తలవంచుకుని, "ఇప్పుడు గొడవ కుట్లది కాదమ్మా. కళ్ళది. కళ్ళు లేవని కాగితం మీదకెక్కింది. ఇక నా చేతుల్లో లేదు," అన్నాడు.

ఆ సాయంత్రం చిన్నావిడ వదిన గదికి వెళ్ళింది. పెద్దావిడ మంచం మీద కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఇన్నేళ్ళలో ఆ చేతులు ఊరికే ఉండగా చిన్నావిడ చూడటం అదే మొదలు.

"పరీక్ష ఎలా రాశావే?" అంది పెద్దావిడ.

చిన్నావిడకి దుఃఖం ఆగలేదు. నేల మీద కూలబడి ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. "ఎందుకు చెప్పలేదు వదినా? కుళాయి దగ్గర నోటికొచ్చినట్టు వాగాను కదా, అప్పుడైనా నా చెంప పగలగొట్టి చెప్పకూడదూ?"

పెద్దావిడ ఆ తల మీద చెయ్యి వేసింది. కాసేపటికి చెప్పింది, ఎవరి గురించో చెబుతున్నట్టు మెల్లిగా. "నిన్ను బడి మాన్పించింది ఎవరనుకున్నావ్? మీ అన్న కాదు. నేనే. నువ్వు మూడు నెలలు వెళ్ళావు, రోజూ వచ్చి ఏవో అక్షరాలు చెప్పేదానివి. నాకు కడుపులో పిల్ల పోయి మంచాన పడ్డాను. ఇంట్లో పని చేసే దిక్కు లేదు. పది రోజులు మానవే అన్నాను. పది రోజులు నెలయింది, నెల ఏడాదయింది. నువ్వు అడగలేదు, నేను పంపలేదు. మీ అన్న అంటూనే ఉన్నాడు, పిల్లని పంపవే అని. పని బాగా చేస్తున్నావు కదా అని నేనే ఉంచేసుకున్నాను." ఆగి, మళ్ళీ అంది. "ఒకసారి నీ చదువు ఆపాను. మళ్ళీ ముప్పై ఏడేళ్ళకి వచ్చింది, గొంతెత్తి మురిసిపోతూ చదువుతున్నావు. నాకు కనబడదే, అక్షరాలు వద్దే అని రెండోసారి కూడా అడ్డం పడమంటావా?"

చిన్నావిడ లేచి తల గోడకేసి కొట్టుకుంది.

మా ఇంటికి వచ్చెయ్ అంది తర్వాత. అంది గానీ, అదెలాంటి ఇల్లో ఇద్దరికీ తెలుసు. రెండు గదులు, కొడుకూ కోడలూ, ముగ్గురు పిల్లలు, మూడో అంతస్తు, పక్కన పట్టుకునే కమ్మీ లేని ఇనప మెట్లు. కొడుకు మొహమాటపడ్డాడు, కోడలు మొహమాటం కూడా పడలేదు. పెద్దావిడే తేల్చి చెప్పేసింది, "నీ సంసారంలో నిప్పులు పొయ్యనే. ఎవరూ లేనివాళ్ళని ఉంచుకునే చోటు ఒకటుందట కదా, అక్కడికి పోతాను." చూపు పోయినవాళ్ళకి కొత్త చోటంటే ఎలా ఉంటుందో తెలిసే ఆ మాట అంది.

ఆ గొడవ జరిగిన పదమూడో రోజున ఆఫీసు నుంచి గుమాస్తా కాగితం పట్టుకుని గదికి వచ్చాడు, చిన్నావిడ అక్కడే ఉంది. కుర్రవాడు, కొత్తగా చేరాడు, పాపం అతనికీ ఇబ్బందిగానే ఉంది. "ఇది మీకు చదివి వినిపించాలమ్మా. పద్ధతి," అన్నాడు.

"నువ్వొద్దు బాబూ. మా ఆడపడుచు చదువుతుంది," అంది పెద్దావిడ.

చిన్నావిడ ఉలిక్కిపడింది. "నావల్ల కాదు వదినా."

"ఎందుకు కాదు? పరీక్ష పాసయ్యావు. చదువు."

కాగితం చేతికొచ్చింది. ఆఫీసు భాష, పొడుగాటి వాక్యాలు. చదవడానికి రాదేమో అని ఒక్క క్షణం ఆశపడింది చిన్నావిడ. వచ్చింది. ప్రతి మాటా వచ్చింది. 'దృష్టి లోపమును అధికారులకు తెలియజేయక దాచినందున' అని చదివింది. 'అందరికీ సులభముగా చదువ వీలైన గుర్తులు ఏర్పాటు చేసియున్నప్పటికీ' అని ఉంది తర్వాత. ఆ మాట దాటేద్దామనుకుంది. దాటేస్తే ఎవరికి తెలుస్తుంది? వదినకి కనబడదు, గుమాస్తా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. పెద్దావిడ ఊపిరి బిగబట్టి వింటోంది. చిన్నావిడ దాటలేదు. ఆ మాట కూడా చదివింది. 'విధుల నుండి తొలగించడమైనది. నివాసమును ముప్పది దినములలో ఖాళీ చేయవలెను.' తేదీ దాకా చదివి ఆగింది.

"అంతేనా?" అంది పెద్దావిడ.

"అంతే."

"ఎక్కడా తడబడలేదు," అంది పెద్దావిడ. ఆ మొహంలో నిజంగానే సంతోషం ఉంది. చిన్నావిడ అది చూడలేక కళ్ళు మూసుకుంది.

గుమాస్తా దగ్గరికి వచ్చి కాగితం అడుగున వేలు పెట్టి చూపించాడు. అక్కడ ఒక గీత ఉంది, గీత ముందు 'చదివి వినిపించినవారు' అని అచ్చు వేసి ఉంది. "ఇక్కడ మీ పేరు రాసి సంతకం చెయ్యాలి. ఈవిడకి అంతా అర్థమయ్యేలా చెప్పారని."

చిన్నావిడ చెయ్యి వెనక్కి తీసేసుకుంది. పాఠాల పుస్తకంలో తప్ప, పరీక్ష కాగితం మీద తప్ప, ఆవిడ తన పేరు ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఆఫీసు కాగితం మీద రాసే రోజు ఎలా ఉంటుందో ఎన్నోసార్లు ఊహించుకుంది. ఇలా అనుకోలేదు.

"రాయవే," అంది పెద్దావిడ. "ముక్కూ మొహం తెలియనివాడు రాసేకంటే నువ్వు రాస్తేనే నాకు నయం."

రాసింది. అక్షరం అక్షరం విడివిడిగా, వంకర లేకుండా, గీత దాటకుండా రాసింది. చెయ్యి వణకలేదు, అదే ఆవిడకి తర్వాత ఎప్పటికీ అర్థం కాలేదు. గుమాస్తా కాగితం తీసుకుని చూసి, ఏదో ఒకటి అనాలని, "చేతిరాత బాగుందమ్మా," అన్నాడు.

"ఏదీ, ఎంత బాగుందో చెప్పు బాబూ," అంది పెద్దావిడ, అతని గొంతు వచ్చిన వైపు మొహం తిప్పి.